పడనివ్వని చేయి

వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు పేపరెక్కాల్సిందే. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువ కాసిందో లెక్క తీస్తే ఆ ఊరు మొదటి వరసలో ఉంటుంది. నాపరాళ్ల నేల, సున్నపురాతి గుట్టలు, పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కే గోడలు. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల వైపు వాళ్లకు ఐసు అంటే సోడా బండి మీద గోనెపట్టా కప్పుకున్న గడ్డ, లేదంటే పెళ్లిలో నీళ్ల డ్రమ్ములో తేలే ముక్క. ఆ గడ్డ మీద నిలబడి పేరున్న నటులు, ఆటగాళ్లు డాన్సు చేసేవారని, దాన్ని ఆదివారం రాత్రి ఒక దేశం దేశమే టీవీలో చూసేదని, ఫోన్లు చేసి ఓట్లేసేదని పల్నాడు వాడికి చెబితే ముందు నవ్వుతాడు. తర్వాత ఒకటే అడుగుతాడు: ‘పడ్డారా?’

అడగాల్సింది అదే. బ్రిటన్‌లో ఐటీవీ చానల్ 2006లో మొదలుపెట్టి, మధ్యలో మూడేళ్లు ఆపి, 2025 దాకా నడిపిన ‘డాన్సింగ్ ఆన్ ఐస్’ పోటీ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. ఎవరు గెలిచారో రెండేళ్లకి మర్చిపోయినవాళ్లు కూడా ఎవరెలా పడ్డారో చెప్పగలరు. మరి పడకపోతే ఎవరు పట్టుకున్నట్టు? ఆ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. ఈ కథనం ఆ చేతుల గురించి.

సరయేవోలో పద్దెనిమిది సెకన్లు

1984 ఫిబ్రవరి 14. అప్పటి యుగోస్లావియాలోని సరయేవోలో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతున్నాయి. జెట్రా స్టేడియంలో, మంచు మధ్యన ఇద్దరు మోకాళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్. ఇద్దరిదీ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్. ఆమె బీమా కంపెనీలో గుమస్తాగా, అతను పోలీసు కానిస్టేబుల్‌గా పనిచేసినవాళ్లు. సొంత ఊరి నగరపాలక సంస్థ గ్రాంటు ఇచ్చాక ఉద్యోగాలు వదిలేసి పూర్తిగా సాధనలోకి దిగారు. మన మున్సిపాలిటీల బడ్జెట్లో అలాంటి పద్దు వెతకమని ఎవరికీ చెప్పను. అంత ఓపిక ఉన్నవాళ్లు ముందు డ్రైనేజీ పద్దు వెతుకుతారు.

వాళ్లు ఎంచుకున్న సంగీతం ఫ్రెంచి స్వరకర్త రావెల్ 1928లో కట్టిన ‘బొలెరో’. చిన్నగా మొదలై, అదే వరస మళ్లీ మళ్లీ తిరుగుతూ, వాద్యాలు ఒక్కొక్కటే చేరుతూ చివరికి మిన్నంటే సంగీతం. అసలు నిడివి పావుగంట పైమాటే. ఒలింపిక్ నిబంధన ప్రకారం నాలుగు నిమిషాల పది సెకన్లు దాటకూడదు. ఎంత కత్తిరించినా నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్ల కంటే తగ్గలేదు. అంతకంటే తగ్గిస్తే ప్రాణం పోతుంది. అప్పుడు నిబంధనల పుస్తకం మళ్లీ చదివారు. గడియారం మొదలయ్యేది సంగీతంతో కాదు, బూటు కింది కత్తి మంచుని తాకి కదిలినప్పుడు. మిగిలిపోయిన ఆ పద్దెనిమిది సెకన్లూ మోకాళ్ల మీదే ఊగారు. ప్రపంచం దాన్ని ప్రేమకి పరాకాష్ఠ అనుకుంది. నాకు మాత్రం అందులో స్టేషన్ డైరీ రాసిన కానిస్టేబుల్ బుర్ర కూడా కనిపిస్తుంది.

కళాత్మకతకి తొమ్మిది మంది జడ్జీలూ ఆరుకి ఆరు వేశారు. సాంకేతికతకి వచ్చినవి కూడా కలిపితే మొత్తం పన్నెండు ఆర్లు. బ్రిటన్‌లో రెండు కోట్ల నలభై లక్షల మంది ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్నారని చెబుతారు. ఆ స్టేడియం కథ తర్వాత చీకటైపోయింది. బోస్నియా యుద్ధంలో బాంబులకు కూలింది. నేలమాళిగ శవాగారమైంది. ప్రేక్షకులు కూర్చున్న చెక్క కుర్చీలు శవపేటికలకు పనికొచ్చాయి. యుద్ధం ముగిశాక మళ్లీ కట్టారు. 2014 ఫిబ్రవరిలో, సరిగ్గా ముప్ఫై ఏళ్లకి, అదే ఇద్దరూ అక్కడికే వెళ్లి అదే బొలెరో ఆడారు. అప్పటికి ఇద్దరి వయసూ యాభై దాటింది.

పేరు అమ్మితే మంచు కొంటారు

ఇరవై ఏళ్ల తర్వాత టీవీ వాళ్లకి ఆ రాత్రి గుర్తొచ్చింది. 2004లో బీబీసీ ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’ మొదలుపెట్టింది. పేరున్నవాళ్లకి డాన్సర్లని జతకట్టి వారం వారం పోటీ పెట్టడం దాని పద్ధతి. అది ఆడేసరికి అదే ఏడాది క్రిస్మస్‌కి మంచు మీద ఒక్క రాత్రి పోటీ పెట్టి చూశారు. ఫుట్‌బాల్ ఆటగాడు పాల్ గాస్కోయిన్ ఆడాల్సింది, తప్పుకున్నాడు. బదులుగా గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ వచ్చి, జోయా బర్మింగ్‌హామ్ అనే స్కేటర్ చేయి పట్టుకుని గెలిచేశాడు. విచిత్రమేమంటే తండ్రి ఎక్కని ఆ మంచు మీద పద్దెనిమిదేళ్లకి కొడుకు గెలిచాడు. 2022 డాన్సింగ్ ఆన్ ఐస్ విజేత రీగన్ గాస్కోయిన్.

బీబీసీ ఒక్క రాత్రితో సరిపెట్టిన ఆ ఆలోచనని ఐటీవీ పట్టుకుంది. 2006 జనవరిలో టోర్విల్, డీన్‌లనే గురువులుగా పెట్టి మొదలెట్టింది. సెలబ్రిటీలకి వాళ్లే నేర్పేవారు, వాళ్లే అడుగులు కూర్చేవారు. ఆనవాయితీగా చలికాలం ఆదివారాలు, సాయంత్రం చీకటి పడ్డాక. మొదటి విజేత నటి గేనార్ ఫే. ఆ ఫైనల్‌ని కోటి మందికి పైగా చూశారు. రెండో ఏడు రగ్బీ ఆటగాడు కైరన్ బ్రాకెన్, ఆ తర్వాత గాయకులు, సీరియల్ నటులు, జిమ్నాస్టులు. మొదట్లో మార్కులు కూడా పాత ఒలింపిక్ లెక్కలో ఆరుకే వేసేవారు. కింద మిగిలిన రెండు జంటలూ మళ్లీ ఆడాల్సి వచ్చేది, జడ్జీలు ఒకరిని ఇంటికి పంపేవారు.

సెట్ వేయడం మామూలు పని కాదు. మంచు మందం మూడు నాలుగు సెంటీమీటర్లే. దాని కింద చల్లటి ద్రవం పారే గొట్టాలు అల్లుకుని ఉంటాయి. ఫిగర్ స్కేటింగ్‌కి మంచు సున్నాకి మూడు నాలుగు డిగ్రీలు కింద ఉంటే చాలు, మరీ గట్టిపడితే కత్తి అంచు దిగదు. రిహార్సల్ అయ్యేసరికి మంచంతా గీతలు. దాన్ని గీకి, వేడినీళ్లు పరిచి మళ్లీ నున్నగా చేసే బండిని 1949లో అమెరికాలో ఫ్రాంక్ జాంబోనీ తయారుచేశాడు. వేడినీళ్లే ఎందుకంటే, అవి గీతల్లోకి బాగా ఇంకి పాత మంచుతో కలిసి గడ్డకడతాయి. 2018లో షో మళ్లీ మొదలైనప్పుడు దానికోసం బోవింగ్‌డన్ అనే చోట, రెండో ప్రపంచ యుద్ధం నాటి వైమానిక స్థావరంలో ప్రత్యేకంగా రింక్ కట్టారు.

నేర్చుకునేవాళ్లకి మొదటి పాఠం నడక కాదు, పడటం. మోకాళ్లు వంచి, పక్కకి, తుంటి మీద పడాలి. వెనక్కి పడితే తల, ముందుకు పడితే మణికట్టు. బూటు కింది కత్తి మందం నాలుగు మిల్లీమీటర్లు. ఆ నాలుగింటిలోనూ మధ్యన సన్నటి గాడి, అటూ ఇటూ రెండు అంచులు. శరీరం బరువు ఏ అంచు మీద వాలితే అటు ఒంపు తిరుగుతుంది. ముందు కొసన రంపంలా పళ్లు ఉంటాయి. కొత్తవాళ్లు బోర్లా పడేది చాలాసార్లు ఆ పళ్లు తగులుకునే.

ఎవరి వీపు, ఎవరి చేయి

ఎంపికైన సెలబ్రిటీ నెలల తరబడి నేర్చుకున్నా నాలుగు నెలల పిల్లాడే. పక్కనున్న స్కేటర్ బాల్యం నుంచి మంచు మీదే పెరిగిన మనిషి. బండలాగుడు పందేనికి కొత్త ఎద్దుని తెచ్చి అలవాటైన ఎద్దు పక్కన కాడికి కట్టినట్టే ఉంటుంది. లాగేది ఎవరో రైతుకి తెలుసు, చప్పట్లు కొట్టే జనానికి తెలియదు.

సెలబ్రిటీ ఆడది అయితే ఎత్తేవాడు వృత్తి స్కేటర్. అతని చేతుల్లో ఆమె తల మంచుకి బెత్తెడు పైన గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని ‘హెడ్‌బ్యాంగర్’ అంటారు. ఆమె చేయాల్సిందల్లా నమ్మడం. కానీ సెలబ్రిటీ మగవాడైతే? అప్పుడు గాల్లోకి లేచేది జీవితమంతా స్కేటింగే చేసిన అమ్మాయి, ఎత్తేది నిరుడు దసరాకి స్కేటు బూటు కూడా తొడగని నటుడు. ఇందులో ధైర్యం ఎవరిది? స్క్రీన్ మీద రాసేది మాత్రం ‘ఫలానా నటుడి సాహసం’ అని. నా దృష్టిలో ఈ షోలో పొగడాల్సినవాళ్లెవరంటే ఆ అమ్మాయిలే. ఒలివియా స్మార్ట్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ తరఫున ఐస్ డాన్స్ ఆడింది. మరుసటి ఏడాది జిమ్నాస్ట్ నైల్ విల్సన్ చేయి పట్టుకుని ఈ షో గెలిపించింది. రీగన్‌ని గెలిపించిన కరీనా మాంటా అమెరికా తరఫున అంతర్జాతీయ పోటీలు ఆడిన స్కేటర్. 2024లో రయాన్ థామస్‌తో గెలిచిన అమానీ ఫాన్సీ బ్రిటన్ జంట స్కేటర్. పేర్లు గుర్తున్నాయా అని బ్రిటన్‌లో నలుగుర్ని అడిగితే ముగ్గురు సెలబ్రిటీ పేరే చెబుతారు.

డేనియల్ విస్టన్ సంగతి చూడండి. మొదటి విజేత గేనార్ ఫే పక్కన ఉన్నది అతనే. 2010లో హేలీ టమాడన్‌తో, 2013లో జిమ్నాస్ట్ బెత్ ట్వెడిల్‌తో గెలిచిందీ అతనే. మూడు టైటిళ్లు. సెలబ్రిటీలెవరూ అన్నిసార్లు గెలవలేదు. రే క్విన్ ఒక్కడు 2009లోనూ, 2014 పాత విజేతల పోటీలోనూ గెలిచాడు, అంతే. విస్టన్ తర్వాత తెర వెనక సృజన బాధ్యతల్లోకి మారాడు. అమెరికన్ మాట్ ఎవర్స్ మొదటి సీజన్ నుంచే ఉన్నాడు. 2020లో గాయకుడు ఇయాన్ ‘హెచ్’ వాట్కిన్స్‌తో కలిసి ఆ షోలో మొదటిసారి ఇద్దరు మగవాళ్ల జంటగా ఆడాడు.

ఈ స్కేటర్లకి టీవీ ఎందుకు? పదేళ్లు రింకులకి, కోచ్‌లకి, బూట్లకి కుటుంబం సొమ్మంతా పోసిన మనిషి ఇరవై అయిదేళ్లకి పోటీలు మానేస్తే మిగిలేవి కొన్నే. పిల్లలకి నేర్పడం, ఊరూరా తిరిగే ఐస్ షోలు, సముద్రం మీద విహార నౌకలు. 1999 నుంచి రాయల్ కరీబియన్ నౌకల్లో మంచు రింకులు ఉన్నాయి, ఓడ ఊగుతుంటే దూకాలి. అలాంటి బతుకులో చలికాలానికి ఒక టీవీ కాంట్రాక్టు పెద్ద ఊరట.

పడటం ఎప్పుడు నవ్వవుతుంది, ఎప్పుడు కాదు అన్నది వేరే లెక్క. 2009లో నటుడు టాడ్ కార్టీ ఆపుకోలేక జారుతూ జారుతూ మంచు దాటి లోపలికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ క్లిప్పు వేసుకుని నవ్వుతారు. 2021లో మాత్రం దెబ్బలు, కరోనా కలిసి ఒకరి తర్వాత ఒకరు తప్పుకుంటుంటే ఆ సీజన్‌ని ఒక వారం ముందే ముగించాల్సి వచ్చింది. మూడు టైటిళ్ల విస్టన్ గెలిపించిన బెత్ ట్వెడిల్, 2016లో ‘ది జంప్’ అనే మరో చానల్ మంచు పోటీలో మెడ ఎముక విరగ్గొట్టుకుంది. అక్కడ పక్కన పట్టుకునే మనిషి లేడు. కొండ మీంచి ఒంటరిగా దూకడం. ఆ షో మరుసటి ఏడాదితో ఆగిపోయింది.

మిగతా దేశాల్లో

అమెరికా రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ఒక్కో సీజన్‌తోనే సరిపెట్టుకుంది, 2006లో ఫాక్స్, 2010లో ఏబీసీ. రష్యాలో 2006లో మొదలైన పోటీ మాత్రం బ్రహ్మాండంగా ఆడింది. నటుడు మరాత్ బషారోవ్, ఒలింపిక్ విజేత తత్యానా నావ్కా మొదటి విజేతలు. కొరియాలో 2011లో ఒలింపిక్ విజేత కిమ్ యూనా పేరుతోనే పోటీ పెట్టారు. కెనడా వాళ్ల తెలివి ఇంకోరకం. అక్కడ ఐస్ హాకీ ఆటగాళ్లే సెలబ్రిటీలు. వాళ్లకి మంచు కొత్త కాదు కాబట్టి ఒంటికి మెరుపు దుస్తులు తొడిగి ఫిగర్ స్కేటర్ల పక్కన నిలబెట్టారు. 2009లో సీబీసీలో మొదలైన ‘బ్యాటిల్ ఆఫ్ ది బ్లేడ్స్’ అది. హాకీ కత్తికి ముందు పళ్లు ఉండవు. ఇరవై ఏళ్లు మంచు మీద ఎదురులేని వీరులు ఫిగర్ స్కేట్లు తొడగ్గానే పళ్లు తగులుకుని బోర్లా పడ్డారు. మొదటి టైటిల్ క్రెయిగ్ సింప్సన్, జేమీ సాలే జంటకి దక్కింది.

ప్రభ ముందు పేరు లేని డాన్సరు

స్ట్రిక్ట్‌లీ పద్ధతి 2006లోనే ‘ఝలక్ దిఖ్‌లా జా’గా హిందీకి వచ్చింది. మంచు మీది పోటీ మాత్రం మన చానళ్ల దాకా రాలేదు. తెలుగులో డాన్సు పోటీలంటే జీ తెలుగులో ఓంకార్ ‘ఆట’, 2009 నుంచి ఈటీవీలో ‘ఢీ’. ‘ఢీ’ చేసిన పని బ్రిటన్ వాళ్లు చేయలేదు. తెర వెనకుండే డాన్సు మాస్టర్‌నే పోటీదారుడిగా ముందుకు తెచ్చింది. సినిమాలో హీరో పాటకి ఎవరు అడుగులు కూర్చారో టైటిల్స్‌లో వెతుక్కునే రోజుల్లో, నరసరావుపేట హోటల్లో కాఫీ తాగేవాడు కూడా ఈ వారం ఏ మాస్టర్ బాగా చేశాడో వాదించుకునే స్థితి తెచ్చింది. శేఖర్ మాస్టర్ అక్కడ పోటీపడి, సినిమాల్లో పేరు తెచ్చుకుని, తర్వాత అదే షోలో జడ్జి కుర్చీ ఎక్కారు. ఆ షోలో స్కిట్లు పెరిగి డాన్సు తగ్గిందని గొణిగేవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ ఒక్క పనికి దణ్ణం పెట్టాలి.

సెలబ్రిటీ పోటీ రుచి పల్నాడుకి తెలియనిది కాదు. 2023లో బిగ్ బాస్ ఏడో సీజన్‌కి నరసరావుపేట వైపు మనిషి, నటుడు శివాజీ వెళ్లినప్పుడు ఇక్కడ ఓట్ల హడావుడి తక్కువ జరగలేదు. భుజానికి దెబ్బ తగిలినా ఇంట్లోనే ఉండి మూడో స్థానం దాకా వచ్చారు. దెబ్బ తగిలాకే ఆయన మీద జాలీ ఓట్లూ రెండూ పెరిగాయని నా అనుమానం.

ఇక మన సొంత వేదిక కోటప్పకొండ. మహాశివరాత్రి తిరునాళ్లకి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి ఆకాశమంత ఎత్తున విద్యుత్ ప్రభలు కదిలి వస్తాయి. ఒక్కో ప్రభ ముందు స్టేజీ, స్టేజీ మీద తెల్లవార్లూ పాటలు, రికార్డింగ్ డాన్సులు. ఏ ప్రభ ఎన్ని అడుగులు, ఎంత ఖర్చు, ఎవరు చందా ఇచ్చారు అన్నది మర్నాడు వాడవాడలా చెప్పుకుంటారు. మైకులో దాతల పేర్లు రెండేసి సార్లు వినిపిస్తాయి. ఆ రాత్రి చలిలో, చెమ్కీ దుస్తుల్లో, జనరేటర్ పొగ పీలుస్తూ తెల్లారేదాకా ఆడిన అమ్మాయి పేరు ఎవరికైనా తెలుసా? ఒక్కోసారి ఆమె ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా తెలియదు. అశ్లీలమని గొడవ వస్తే మాత్రం పేపర్లో ‘రికార్డింగ్ డాన్సర్లు’ అని ఒక వరస పడుతుంది.

తెలుగువాళ్లు ఎక్కిన మంచు

మంచు లేకపోయినా స్కేటింగ్ మనకి ఉంది, చక్రాల మీద. హైదరాబాద్‌కి చెందిన అనూప్ కుమార్ యామ ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చారు. ఒకటి ఒంటరిగా, ఇంకోటి అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు వచ్చింది. దూకడం, గిరగిరా తిరగడం, జంటగా ఎత్తడం అన్నీ ఐస్ ఫిగర్ స్కేటింగ్‌లో ఉన్నవే, కింద కత్తికి బదులు నాలుగు చక్రాలు. అసలు మంచు మీద చూస్తే, 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్‌లో స్వర్ణాలు గెలిచింది.

దేశంలో మంచు ఎక్కడుంది? సిమ్లాలో 1920 నుంచి ఆరుబయట రింక్ ఉంది, చలి బాగా పడితేనే అది గడ్డకడుతుంది. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన ఇండోర్ రింక్ ఉంది. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో తెరిచిన స్నో వరల్డ్ మన పిల్లలకి తెలిసిన మంచు, అద్దె కోటు వేసుకుని వణికి వచ్చే చోటు. వారం వారం టీవీ పోటీ పెట్టాలంటే కోట్ల ఖర్చు, ఆపకుండా కరెంటు, అన్నిటికంటే ముందు సెలబ్రిటీని పట్టుకోగల ముప్ఫై మంది స్కేటర్లు కావాలి. డబ్బు దొరకొచ్చు, ఆ ముప్ఫై మందే దొరకరు.

2025 మార్చిలో సీరియల్ నటుడు సామ్ ఆస్టన్, స్కేటర్ మోలీ లానగన్ గెలిచాక, 2026లో ఈ షో ఉండదని ఐటీవీ ప్రకటించింది. మొదటేడాది ఉన్న ప్రేక్షకుల్లో చాలామంది అప్పటికే జారిపోయారు. టోర్విల్, డీన్ కూడా అదే ఏడాది చివరి పర్యటన చేసి మంచు దిగారు. బీమా గుమస్తా, కానిస్టేబుల్ కలిసి యాభై ఏళ్లు ఆడినట్టు లెక్క.

ఎవరైనా తెలుగు చానల్ వాళ్లకి ఈ ఆలోచన నచ్చితే మంచు కోసం చూడనక్కర్లేదు, చక్రాలతో మొదలెట్టొచ్చు. హైదరాబాద్, విశాఖల్లో రోలర్ స్కేటర్లున్నారు. హీరోయిన్లున్నారు, కమెడియన్లున్నారు, జడ్జీలకి కొదవే లేదు. ఒప్పందం రాసేటప్పుడు ఆ స్కేటర్ల తరఫున ఒక్క షరతు పెట్టించాలి: టైటిల్ కార్డులో జంటలోని రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి, దెబ్బ తగిలితే ఇద్దరికీ ఒకే బీమా.